మామయ్య ఫియట్, భీమవరం దాకా

"భీమవరం దాకా అయితే తీసుకెళ్ళండి" అన్నాడు మామయ్య. అని ఊరుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని, కారు తలుపు తీసి లోపలికి వంగి, మీటరులో కిలోమీటర్ల అంకె చూసి డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీలోకి ఎక్కనిది లేదు. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, కారుకి ఆయిలు మార్చిన రోజు అన్నీ ఒకే పేజీలో సర్దుకుని ఉండేవి. ఎరువుల వ్యాపారం మీద కోస్తా జిల్లాలన్నీ తిరిగి తిరిగి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయన లెక్క తప్పించడం కష్టమని మాకు తెలుసు. అయినా తప్పించాలనే బయలుదేరాం.

1995 జనవరి 12, తెల్లవారుజామున ఐదు గంటలు, విజయవాడ. నాకు ఇరవై రెండేళ్ళు. కారు వెనక ప్రీమియర్ పద్మిని అని ఉన్నా ఇంట్లో అందరికీ అది ఫియటే. గేరు కాడ స్టీరింగు పక్కనే ఉంటుంది. చలికి చోకు పూర్తిగా లాగి, యాక్సిలరేటరు రెండుసార్లు తొక్కి, తాళం తిప్పి, అప్పుడు దేవుణ్ణి తలచుకోవాలి. ఈ వరసలో ఏది తప్పినా తోయాల్సిందే.

నలుగురం వెళ్ళాం. నడిపేది బావ, అంటే మామయ్య కొడుకు. మిగతా ఇద్దరూ నా హాస్టల్ స్నేహితులు. హాస్టల్లో మేం ఒకరినొకరు ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం, కాబట్టి ఇక్కడా ఒకడు రాజోలు, ఇంకొకడు బందరు. మామయ్యకు చెప్పింది భీమవరంలో స్నేహితుడి ఇంట్లో పండగ అని. మేం అనుకున్నది రాజోలులో మా రాజోలు వాళ్ళ అమ్మమ్మ గారింట్లో భోగి, సంక్రాంతి, అంతర్వేదిలో సముద్రం, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలు, ఆ తరువాత యానాం, కాకినాడ చూసుకుని హైవే మీద వెనక్కి.

మా అమ్మకు మాత్రం రాజోలు సంగతి తెలుసు. దాచలేకపోయాను. "అక్కడేదో బావి తగలబడుతోందట కదరా, పేపర్లో బొమ్మ కూడా వేశారు" అంది. జనవరి 8న పాశర్లపూడి దగ్గర చమురు బావిలోంచి గ్యాసు ఎగదన్ని అంటుకుంది. "అది రాజోలు కాదమ్మా, పక్క ఊరు" అన్నాను. ఆ జవాబుతో ఆవిడ భయం ఎంత తగ్గి ఉంటుందో నాకు ఇప్పుడు, నా కొడుకు మాటలు వింటుంటే అర్థమవుతోంది. రోజూ రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేయాలన్న షరతు మీద వదిలింది.

పామర్రు దగ్గర బందరు రోడ్డు వదిలి గుడివాడ వైపు తిరిగాం. సొంత ఊరి దారి తప్పిపోతున్నందుకు బందరు వెనక్కి తిరిగి ఒక దండం పెట్టాడు. సార్వా కోతలు అయిపోయి కుప్పలు వేసి ఉన్నాయి. పల్లె పల్లెకీ రోడ్డు మీదే ముగ్గులు. వాటి మీద చక్రం పడకుండా తిప్పాలని బావ నానా అవస్థ పడ్డాడు. ఒకచోట పడనే పడింది. చేతిలో పేడ పట్టుకుని గొబ్బెమ్మలు పెడుతున్న పిల్ల లేచి నిలబడి మా కారును చూసిన చూపు ఉంది చూశారూ, ఆ తరువాత పదిహేను కిలోమీటర్లు బావ ఎవరితోనూ మాట్లాడలేదు.

కైకలూరు దాటాక నేల పోయింది. ఇంకోలా చెప్పడం నాకు తెలియదు. రోడ్డుకి రెండు పక్కలా గట్లు, గట్ల మధ్య నీళ్ళు, మళ్ళీ గట్లు. చిన్నప్పుడు నాన్నతో ఇదే దారిలో బస్సులో వెళ్ళినప్పుడు కిటికీలోంచి వరి కనిపించేది. దూరంగా ఎక్కడో మెరిసే గీతను చూపించి అదే కొల్లేరు అనేవాడు నాన్న. ఇప్పుడు కొల్లేరే రోడ్డు దాకా నడిచి వచ్చినట్టుంది, కాకపోతే చదరాలు చదరాలుగా కోసుకుని. 1970ల చివర్లో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు ఇక్కడ చేపల చెరువులు తవ్వించింది. అందులో లాభం కనిపించాక డబ్బున్నవాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనక పొక్లెయిన్లు వచ్చాయి. మేం చూస్తుండగానే ఒక పొక్లెయిను వరి మోళ్ళున్న మడిలో దిగి తవ్వుతోంది. దాని తొట్టిలో మన్నుతో పాటు మోళ్ళు కూడా పచ్చిగా లేచి వస్తున్నాయి.

ఆకివీడు ఇంకా కాస్త ఉందనగా ఐసు పెట్టెల లారీల వెనక చిక్కుకున్నాం. నీళ్ళు కారుతూ, కలకత్తా వైపు చేపలు మోసుకుపోయే లారీలు. వాటి వెనక పాకుతూ పాకుతూ వెళ్ళి ఇంజను వేడెక్కి ఆగిపోయింది. బావ బానెట్ ఎత్తి ఇంజను వంక గౌరవంగా చూస్తూ నిలబడ్డాడు. అంతకు మించి అతనికి తెలిసింది లేదని అప్పుడే బయటపడింది. పక్కన టీకొట్టు ఆయన వచ్చి, ఏమీ అడగకుండా, బల్ల తుడిచే గుడ్డ నీళ్ళలో ముంచి పెట్రోలు పంపు చుట్టూ చుట్టాడు. "వేడికి పెట్రోలు ఆవిరైపోతుంది బాబూ, ఇంజనుకి అందదు. పది నిమిషాలు ఆగి కొట్టండి. ఈలోపు టీ తాగండి." మా బండి ఆయన కొట్టు ముందే ఆగడం కాకతాళీయం కాదేమో, అక్కడికొచ్చేసరికి అందరివీ ఆగేవేమో అని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆ పది నిమిషాల్లో బెంచీ మీద ఒక పెద్దాయన కలిశాడు. పంచె, భుజాన తువ్వాలు, చేతికి కొత్త వాచీ. నాలుగెకరాలు చెరువుకి లీజుకిచ్చాడట. "వరి వేస్తే ఎరువుల కొట్టుకి బాకీ మిగిలేది. ఇప్పుడు ఇంటికొచ్చి డబ్బు చేతిలో పెట్టి పోతున్నారు" అన్నాడు. మంచిదే కదండీ అన్నాడు బందరు. "మంచిదే. పొద్దున్నే లేచాక ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు, అంతే" అన్నాడాయన, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. మేం నవ్వాం. మాకు అదేదో చమత్కారంలా వినిపించింది. ఆ తరువాత 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సులోని చెరువుల గట్లు బద్దలుకొడుతున్న దృశ్యాలు టీవీలో చూసినప్పుడు ఆయన వాచీయే గుర్తొచ్చింది. ఆయన పొలం ఆ హద్దుల్లో ఉందో, బయట ఉందో.

భీమవరం చేరాక, ఊరి బయట చింతచెట్టు కింద కారు ఆపి బావ అసలు పని మొదలుపెట్టాడు. డ్యాష్‌బోర్డు కిందకు దూరి, మీటరు వెనక మర తిప్పి కేబులు ఊడదీశాడు. ముల్లు సున్నా దగ్గర పడుకుంది. అతని లెక్క ఇది. విజయవాడ నుంచి భీమవరం వచ్చాం, ఆ దూరం మీటరులో పడింది. తిరుగు దారిలో తాడేపల్లిగూడెం దగ్గర కేబులు మళ్ళీ బిగిస్తే, అక్కణ్ణించి విజయవాడ కూడా దాదాపు అంతే దూరం. పోను, రాను సరిపోతుంది. డిగ్రీ మూడేళ్ళలో ఏనాడూ లెక్కల పరీక్షలో తేరుకోని మనిషి, ఆ ఒక్క లెక్క మాత్రం తప్పు లేకుండా చేశాడు.

పాలకొల్లు మీదుగా నర్సాపురం రేవుకి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. మాకు ముందు నాలుగు జీపులు, ఒక పాల వ్యాను, లెక్కలేనన్ని సైకిళ్ళు. అవతలి గట్టు సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ గోదావరి. పంటు ఆ గట్టున ఉంది. అది నిండాలి, కదలాలి, ఇటు రావాలి, ఖాళీ కావాలి, మళ్ళీ నిండాలి. చేసేదేమీ లేక నదిని చూశాం. కాసేపటికి నీటి రంగు మారడం కూడా తెలిసింది. సముద్రం నుంచి పోటు వస్తోందని రాజోలు చెప్పాడు. రేవు అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు కబుర్లు ఆపకుండా, చేతి వంక చూడకుండా లేసు అల్లుతున్నారు. దారపు ఉండ ఒడిలో చిన్న కుందేలు పిల్లలా దొర్లుతోంది. కొత్త అల్లుడొకడు నలగని చొక్కాతో, కూర్చుంటే ఎక్కడ నలుగుతుందోనని, గంటసేపూ నిలబడే ఉన్నాడు.

పంటు అంటే రెండు పెద్ద పడవలు పక్కపక్కన కట్టి పైన చెక్కలు పరిచిన వేదిక. కారు ఎక్కడానికి ఒడ్డు నుంచి రెండు బల్లలు వేస్తారు, టైరు వెడల్పుకి నాలుగు వేళ్ళు ఎక్కువ, అంతే. పంటు మనిషి మమ్మల్ని ముగ్గురినీ దింపేసి, బావ కిటికీ దగ్గరకు వచ్చి "బల్ల వంక చూడకండి బాబూ. నా చెయ్యి వంక చూడండి" అన్నాడు. తరువాత పంటు మీదకు వెళ్ళి, కారుకి ఎదురుగా నిలబడి, అరచెయ్యి గాలిలో పెట్టాడు. ఆ చెయ్యి కుడికి రెండంగుళాలు కదిలితే బావ స్టీరింగు రెండంగుళాలు తిరిగింది. ముందు చక్రాలు బల్ల ఎక్కగానే బల్ల మధ్యలో వంగి కిర్రుమంది. పంటు మా వైపు ఒరిగింది, ఆ చివర కట్టిన గేదె అరిచింది. చెయ్యి మాత్రం కదల్లేదు. కారు పూర్తిగా ఎక్కాక ఆయన చక్రాల కింద రెండు చెక్క దిమ్మెలు తన్ని, చొక్కా జేబులోంచి బీడీ తీసుకున్నాడు. బావ కారులోంచి దిగడానికి కాసేపు పట్టింది. కాళ్ళు వణుకుతున్నాయని ఆ రాత్రి ఒప్పుకున్నాడు.

పంటు ప్రయాణాల మీద మురిపెంగా రాసేవాళ్ళను నేను చాలామందిని చదివాను. చంటిపిల్లకు జ్వరంతో రాత్రి పదింటికి ఆ రేవులో నిలబడినవాళ్ళు అలా రాయరు. ఆ సాయంత్రం నది మధ్యలో ఉండగా బీడీ ఆయనే చెప్పాడు, చీకటి పడ్డాక ఆఖరి పంటు పోతే ఇక పడవవాణ్ణి నిద్ర లేపి బతిమాలుకోవడమేనని. తరువాత ఎగువన చించినాడ దగ్గర వంతెన వచ్చింది. ఇప్పుడు పాలకొల్లు నుంచి దిండి వైపు రెండు మూడు నిమిషాల్లో దాటేస్తాం. పిల్లలు ఫోను మీంచి తల ఎత్తేలోపు గోదావరి అయిపోతుంది. నేను వంతెన పక్షమే. కాకపోతే అక్కడ దాటిన ప్రతిసారీ, ఏదో సంతకం పెట్టకుండా వచ్చేసినట్టు ఉంటుంది.

సఖినేటిపల్లి గట్టు ఎక్కేసరికి పొద్దు గుంకుతోంది. వెనక్కి తిరిగితే నర్సాపురం మీద సూర్యుడు నీళ్ళలోకి దిగుతున్నాడు. ముందుకు తిరిగితే, తూర్పున కూడా ఆకాశం ఎర్రగా ఉంది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. పడమటి ఎరుపు చల్లారుతూ వచ్చింది. తూర్పుది చీకటి పడేకొద్దీ పెరిగింది. కొబ్బరి తోటల మధ్య నుంచి వెళుతుంటే మట్టల సందుల్లోంచి అది మాతో పాటే వస్తున్నట్టుంది. "అదే" అన్నాడు రాజోలు. కారులో ఇంకెవరూ మాట్లాడలేదు.

అమ్మమ్మ గారిది పాత మండువా ఇల్లు. ఆవిడ మమ్మల్ని చూసి అన్న మొదటి మాట "కాళ్ళు కడుక్కోండి", రెండోది "గాభరా పడకండి, అది గిన్నెల చప్పుడే". వంటింట్లో అలమరలో బోర్లించిన ఇత్తడి గిన్నెలు సన్నగా, ఆగకుండా మోగుతున్నాయి. మైళ్ళ దూరంలో భూమిలోంచి తన్నుకొస్తున్న గ్యాసు హోరు అది. నాలుగు రోజులుగా ఇంతేనట. ఆవిడ గిన్నెకీ గిన్నెకీ మధ్య పాత చీర ముక్కలు పెట్టింది, అయినా ఒకటి ఎక్కడో దొరక్కుండా మోగుతూనే ఉంది. రాత్రి పెరట్లోకి వెళితే టార్చి అక్కర్లేదు. బావి గట్టు మీద నా నీడ పడింది, వెన్నెల నీడలా నల్లగా కాదు, కాస్త ఊగుతూ. కోడిపుంజులు పన్నెండింటికీ, రెండింటికీ, ఎప్పుడు పడితే అప్పుడు కూశాయి.

మర్నాడు భోగి. వీధిలో కుర్రాళ్ళు పాత తట్టలు, విరిగిన బల్లలు పోగేసి మంట వేశారు. బందరు చలి కాచుకుంటూ, "ఈసారి మీ ఊరికి అంత పెద్ద భోగి మంట వేసిపెట్టారు, మళ్ళీ ఇదెందుకండీ" అన్నాడు. నలుగురు నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. "అది మనం వేసింది కాదు, మనం ఆర్పగలిగేదీ కాదు. అలాంటిదాన్ని భోగి మంట అనకు నాయనా" అని లోపలికి వెళ్ళిపోయింది. ముప్ఫై ఏళ్ళలో బందరు ఎన్ని సరసాలు ఆడాడో లెక్కలేదు. ఆ ఒక్కటి మాత్రం తనే గుర్తు చేసుకుని నాలిక కరుచుకుంటాడు.

కానీ సాయంత్రానికి మేమూ చూడ్డానికి వెళ్ళాం. దాచేదేముంది, జిల్లా జిల్లా అంతా వెళుతోంది. రోడ్డు మీద తీర్థంలా జనం. పల్లీలు, చెరుకు ముక్కలు అమ్ముతున్నారు. పోలీసులు చాలా దూరంలోనే ఆపేశారు. అక్కణ్ణించి మంట మొదలు కనిపించలేదు, తోటల పైన లేచిన భాగమే కనిపించింది. కదలని రైలింజను పక్కన నిలబడితే ఎలా ఉంటుందో అలాంటి హోరు. ముఖం వెచ్చబడుతోంది, వీపుకి జనవరి చలి. మా పక్కన కాలవ గట్టు మీద ఒకాయన గేదెను పట్టుకుని కూర్చున్నాడు. మంట పక్క ఊరివాడు, ఖాళీ చేయించారట. "ఏ ఊరు బాబూ?" అన్నాడు. చెప్పాం. "విజయవాడ నుంచి ఇది చూడ్డానికొచ్చారా?" కాదు, పండక్కి వచ్చాం అన్నాను తడబడుతూ. "మాదీ పండగే. అరిసెలకి బియ్యం నానబోసి ఉన్నాం. ఎలా ఉన్నవి అలా వదిలేసి వచ్చేశాం. ఈపాటికి పులిసిపోయి ఉంటాయి." ఇంటి గురించి, చెట్ల గురించి ఒక్క మాట అనలేదు. ఆ బియ్యం గురించే మళ్ళీ ఇంకోసారి చెప్పాడు.

నా దగ్గర కెమెరా ఉంది. ముప్ఫై ఆరు ఫొటోల రీలులో ఆ పూటకి ఇరవై పైనే మిగిలి ఉన్నాయి. తియ్యలేదు. మంచితనం అని చెప్పుకోను. ఆయన పక్కనే ఉండగా తీయడానికి చెయ్యి రాలేదు, ఆయన లేచి వెళ్ళి ఉంటే తీసేవాణ్ణే. ఆ మంట మొత్తం 65 రోజులు మండింది. విదేశాల నుంచి నిపుణులు వచ్చి మార్చి నడిమికి గాని ఆర్పలేకపోయారు. మరుసటి ఏడాది, 1996 నవంబరు 6న, ఇదే కోనసీమ మీద తుఫాను విరుచుకుపడింది. మేం దాటి వెళ్ళిన కొబ్బరి తోటలు ఎన్నో నేలకొరిగాయి. రాజోలు ఇంటి పెరట్లో పదిహేడు చెట్లుండేవి. అమ్మమ్మ ఉత్తరం రాయించింది, రెండు మిగిలాయని. ఎవరు బతికారో రాయించాక చెట్ల సంగతే రాయించింది.

సంక్రాంతి రోజు అంతర్వేది వెళ్ళాం. నరసింహస్వామి దర్శనం, ఆ తరువాత అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నదీ సముద్రమూ కలిసే చోట స్నానం, ఇసుకలో పులిహోర. చెప్పుకోవడానికి అంతకు మించి లేదు. హాయిగా గడిచిన రోజుల దగ్గర ఇదే ఇబ్బంది.

కనుమ నాడు పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ దాటి అంబాజీపేట వైపు వెళ్ళాం. గన్నవరం డొక్కా సీతమ్మ గారి ఊరు. అర్ధరాత్రి వచ్చినా ఆకు వేసి అన్నం పెట్టిన ఇల్లాలు. తరువాతి కాలంలో అక్కడ కట్టిన అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. కోనసీమలో రాజుల పేర్ల కన్నా ఈ పేరు ఎక్కువ వినిపిస్తుంది.

జగ్గన్నతోట అంటే ఊరు కాదు, గుడి కూడా లేదు. మొసలపల్లి పొలిమేరలో ఒక కొబ్బరి తోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, కనుమ నాడు ప్రభల మీద ఊరేగి వచ్చి ఇక్కడ కలుసుకుంటారు. ప్రభ అంటే వెదురుతో కట్టిన ఎత్తైన చట్రం, దానికి రంగు రంగుల బట్టలు, గంటలు, మధ్యలో స్వామి. భుజాల మీదే మోయాలి. గంగలకుర్రు ప్రభలు ఎగువ కౌశిక అనే కాలవ దాటి రావాలి. మేం ఆ గట్టున నిలబడ్డాం. ప్రభ నీళ్ళలోకి దిగింది. మోసేవాళ్ళకు నడుం లోతు, ఛాతీ లోతు, ఒకచోట మెడల దాకా. ప్రభ ఇటు ఒరిగితే గట్టు మీద జనమంతా ఊపిరి బిగబట్టడం వినిపిస్తుంది. "అశ్శరభ శరభ" అని ఒక్క అరుపు, మళ్ళీ నిలబడుతుంది. గట్టెక్కి అది రోడ్డు వెతుక్కోలేదు. నేరుగా వరి చేలో పడింది. అప్పుడే నాటిన దాళ్వా పైరు, పచ్చగా జానెడు ఎత్తు. వందల కాళ్ళ కింద అది బురదలో కలిసిపోతుంటే, పక్కన ఒకాయన చేతులు జోడించి చూస్తున్నాడు. "ఎవరి చేనండీ ఇది?" అని అడిగాను. "మాదే" అన్నాడు, అంత తీరిగ్గా. స్వామి తొక్కిన చేను బాగా పండుతుందని అక్కడి నమ్మకం. మూడు రోజుల క్రితం పొక్లెయిను ఎత్తిపోస్తున్న మోళ్ళు, ఇక్కడ పాదాల కింద పైరు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకోవడం అప్పుడు నాకు తోచలేదు. కెమెరా రీలు అయిపోతోందన్నదే నా దిగులు.

తిరిగి వచ్చేసరికి కారు కదల్లేదు. బందరు లైట్లు ఆర్పలేదు, బ్యాటరీ దిగిపోయింది. ప్రభ దించి వస్తున్న కుర్రాళ్ళు పదిమంది, భుజాల మీద ఇంకా ఎర్రగా కదుములు, "పట్టండ్రా" అని కారు వెనక చేరారు. "అశ్శరభ" అని వాళ్ళు అరవడం, బావ రెండో గేరులో క్లచ్ వదలడం, ఫియటు దగ్గి లేచి పరుగెత్తడం ఒక్కసారే జరిగాయి. ఆపితే మళ్ళీ ఆగిపోతుందని ఆపలేదు. కిటికీలోంచి దండాలు పెట్టాం.

మర్నాడు ముక్తేశ్వరం రేవులో గౌతమి గోదావరి దాటడం నర్సాపురం లాగే, కాకపోతే నది ఇంకా వెడల్పు, ఇసుక తిన్నెలు ఇంకా ఎక్కువ. ఈసారి బావకు ధైర్యం వచ్చింది. చెయ్యి వంక కాదు, బల్ల వంకే చూశాడు. వెనక భాగం ఒడ్డుకి కొట్టుకుని కారు కింద ఏదో గట్టిగా గీసుకుంది. దిగి చూశాం, కనిపించలేదు. కోటిపల్లిలో దిగి, ద్రాక్షారామంలో భీమేశ్వరుడికి దండం పెట్టి, యానాం చేరాం.

అది జనవరి 16. రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం మొదలైన రోజు. యానాం పాండిచ్చేరిలో భాగం కాబట్టి ఆ చట్టం అక్కడ చెల్లదు. నిన్నటి దాకా ఆ ఊరికి వెళ్ళడానికి ఎవరికీ ప్రత్యేకించి కారణం లేదు, ఆ రోజు అందరికీ ఉంది. బందరు కాసేపు మాయమై, లుంగీలో చుట్టిన పొట్లంతో వచ్చాడు. "మా నాన్నగారికి" అన్నాడు. ఆ మాట అంత వినయంగా అన్నాక కాదనడం మా వల్ల కాలేదు. స్టెప్నీ కింద పెట్టాడు.

పొలిమేర దాటగానే పోలీసులు. డిక్కీ తెరవమన్నారు. తెరిస్తే అమ్మమ్మ ఇచ్చిన కొబ్బరికాయల బస్తా, అరిసెల డబ్బా. కానిస్టేబులు చెయ్యి స్టెప్నీ మీద పడింది. "ఎక్కణ్ణించి?" అన్నాడు. "రాజోలండీ" అన్నాడు రాజోలు. ఆ చెయ్యి ఆగిపోయింది. "మంట చూశారా? ఎంత ఎత్తుంది? మా అక్క వాళ్ళది అటే, ఫోను కలవడం లేదు" అన్నాడు. రాజోలు అరగంట చెప్పాడు. ఏ ఊళ్ళు ఖాళీ చేయించారో, ఎవరిని ఎక్కడ పెట్టారో తెలిసినంత చెప్పాడు. కానిస్టేబులు వాళ్ళ అక్క ఊరి పేరు చెబితే, అది ఖాళీ చేయించిన ఊళ్ళలో లేదు. ఆయన తనే డిక్కీ మూత వేసి, మా చేతులు పట్టుకుని ఊపి పంపించాడు. కారు కదిలాక బందరు పకపకా నవ్వాడు. రాజోలు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కాకినాడలో కాజాలు కొన్నాం. రాజమండ్రి వంతెన మీదికొచ్చేసరికి పక్కన పాత హేవలాక్ వంతెన మీద రైలు పోతోంది. మరో రెండేళ్ళకు ఆ వంతెన మీద రైళ్ళు ఆగిపోయాయి. హైవే అంటే అప్పుడు ఒకటే రోడ్డు, వచ్చే లారీకి పోయే లారీ దారిస్తూ సాగేది. తాడేపల్లిగూడెంలో బావ మళ్ళీ డ్యాష్‌బోర్డు కింద దూరాడు. ముల్లు నిద్ర లేచింది.

ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. మామయ్య అరుగు మీదే ఉన్నాడు. డైరీ తెచ్చి, మీటరు చూసి, పెన్నుతో తీసివేత వేశాడు. "సరిగ్గా భీమవరం దాకా" అన్నాడు. బావ నా వంక గెలిచినట్టు చూశాడు. మామయ్య లోపలికి వెళ్ళి టార్చిలైటు తెచ్చుకున్నాడు. పంచె ఎగగట్టి, కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని కిందకు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నర్సాపురం బల్లా, కోటిపల్లి బల్లా?" అన్నాడు కిందనుంచే.

ఎవరం మాట్లాడలేదు. చివరికి బావే, "కోటిపల్లిది నాన్నా. ముక్తేశ్వరం వైపు" అన్నాడు.

"ముందుకే ఎక్కించావా?"

"ఊఁ."

"అక్కడ ఒడ్డు ఏటవాలు ఎక్కువ. రివర్సులో ఎక్కించాలి" అని లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, డైరీలో ఏదో రాసుకున్నాడు. వంగి చూశాను. 'సైలెన్సరు' అని రాసి, పక్కన డబ్బుల కోసం ఖాళీ వదిలాడు.